వద్దనకపోతే సరేనన్నట్టా?

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు లేకపోతే నా చదువులో సగం జరిగేదే కాదు. బ్రౌన్ నిఘంటువు, భారతి పాత సంచికలు, ఒక్కసారి అచ్చయి మళ్లీ ముఖం చూపించని కథల సంపుటాలు, వీటిలో చాలావరకు నేను తెరమీదే చూశాను. కాబట్టి పుస్తకాన్ని స్కాన్ చేయడమే తప్పు అనేవాళ్లతో నాకు పడదు. నా అనుమానం వేరే. పెద్ద టెక్నాలజీ కంపెనీ రచయిత దగ్గరికి వచ్చే తీరు ఇరవై ఏళ్లుగా ఒక్కలాగే ఉంది: ముందు తీసేసుకుంటుంది, తర్వాత ఎవరైనా గట్టిగా అడిగితే అప్పుడు బేరానికి కూర్చుంటుంది. ఆ బేరంలో తెలుగు రచయితకి కుర్చీ వేయరు.

కథ 2004 డిసెంబరులో మొదలైంది. మిషిగన్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, ఈ ఐదింటితో గూగుల్ ఒప్పందం చేసుకుంది. వాళ్లు బీరువాల్లోంచి పుస్తకాలు తీసిస్తారు. గూగుల్ తన ఖర్చుతో స్కాన్ చేసి, ఒక కాపీ వాళ్లకిచ్చి ఒకటి తన దగ్గర పెట్టుకుంటుంది. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాల విషయంలో ఎవరికీ పేచీ లేదు. మిషిగన్ లాంటి చోట్ల మాత్రం కాపీరైట్ ఉన్నవి కూడా స్కానర్ కిందకి వెళ్లాయి. రచయితలను అడిగారా అంటే, లేదు. గొడవ మొదలయ్యాక 2005 ఆగస్టులో గూగుల్ కొన్ని నెలలు ఆగి ఒక సదుపాయం ప్రకటించింది. మీ పుస్తకం స్కాన్ చేయొద్దనుకుంటే మాకు జాబితా పంపండి, వదిలేస్తాం అంది. పంపకపోతే మీకు సమ్మతమేనని లెక్క.

నాకు మింగుడుపడనిది ఇదే. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లు అన్నారు గానీ, అందులోనూ సగమే అంగీకారం. ఆ సగమైనా ఎవరో ఎదురుగా వచ్చి అడిగినప్పుడు ఊరుకుంటేనే. ఇక్కడ అడిగినవాళ్లే లేరు. ఇలాంటి పని ఒకటి జరుగుతోందని చాలామంది రచయితలకి తెలియదు. ఆ తెలియకపోవడాన్ని సంతకం కింద జమ కట్టారు.

2005 సెప్టెంబరులో అమెరికా రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్, అక్టోబరులో ఐదు పెద్ద ప్రచురణ సంస్థలు న్యూయార్క్‌లో దావాలు వేశాయి. మూడేళ్లు నడిచాక 2008 అక్టోబరు 28న రాజీ కుదిరిందని ప్రకటించారు. గూగుల్ 12.5 కోట్ల డాలర్లు ఇస్తుంది. అప్పటికే స్కాన్ చేసిన ఒక్కో పుస్తకానికి హక్కుదారుకి కనీసం 60 డాలర్లు. ఇకమీద అమ్మకాల మీద, ప్రకటనల మీద వచ్చేదాంట్లో 63 శాతం వాళ్లకి, 37 శాతం గూగుల్‌కి. పంపకాలు చూసుకోడానికి ఒక రిజిస్ట్రీ. వినడానికి బాగానే ఉంది. మెలిక ఎక్కడంటే, అది క్లాస్ యాక్షన్ దావా. కొందరు అందరి తరఫునా కోర్టుకెళ్తే, వచ్చిన ఫలితం అందరికీ వర్తిస్తుంది, ‘నన్ను ఇందులోంచి తీసేయండి’ అని గడువులోగా రాసి పంపినవాళ్లకి తప్ప. ఆ ‘అందరిలో’ ఎవరెవరున్నారంటే, అమెరికాలో కాపీరైట్ వర్తించే ప్రతి రచయితా. ఒక దేశపు కాపీరైట్‌ని ఇంకో దేశం గుర్తించేలా చేసే బెర్న్ ఒప్పందం పుణ్యమా అని మన దేశంలో అచ్చయిన పుస్తకానికి కూడా అక్కడ కాపీరైట్ ఉంటుంది. అంటే తెనాలిలో సొంత డబ్బు పెట్టి వెయ్యి కాపీలు అచ్చు వేయించుకున్న రచయిత కూడా, ఆయనకే తెలియకుండా, ఆ రాజీలో ఒక కక్షిదారు. తప్పుకోడానికి 2009 మే 5 వరకు టైమిచ్చారు, తర్వాత సెప్టెంబరు 4కి పొడిగించారు. తెనాలిలో ఆ కబురు ఎంతమందికి చేరి ఉంటుందో మీరే ఊహించుకోండి.

తెనాలిలో అచ్చయిన పుస్తకం అమెరికా విశ్వవిద్యాలయంలో ఎందుకుంటుంది అని మీకు అనుమానం రావచ్చు. మన పెద్దవాళ్లకి పీఎల్ 480 అంటే రేషన్ షాపు గోధుమలు గుర్తొస్తాయి. 1954 నాటి ఆ అమెరికా చట్టం కింద గోధుమలు మనకి పంపి, డబ్బు రూపాయల్లోనే తీసుకున్నారు. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడ్డాయి. వాటిని ఏం చేయాలన్నదానికి దొరికిన జవాబుల్లో ఒకటి పుస్తకాలు కొనడం. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకి పంపింది. తెలుగూ అందులో ఉంది. షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ లాంటి చోట్ల ఈరోజు కనిపించే తెలుగు పుస్తకాల్లో చాలావాటికి దారి అదే. నిజం చెప్పాలంటే అది పద్ధతిగా జరిగిన పని. వెల కట్టి కొన్నారు, జాగ్రత్తగా దాచారు. ఇక్కడ చెదలు పట్టి పోయినవి అక్కడ చల్లటి గదుల్లో బతికున్నాయి. ఆ విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటే గూగుల్ పథకంలో చేరేసరికి గోధుమల డబ్బుతో కొన్న మన పుస్తకాలు కూడా స్కానర్ ముందుకు వెళ్లాయి.

మా పెదనాన్న 1970ల్లో ఒక కథల పుస్తకం వేసుకున్నారు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కాపీ ఎవరో అడిగితే ఇచ్చారు, అది తిరిగి రాలేదు. ఒకరోజు ఊరికే వెతుకుతుంటే గూగుల్ బుక్స్‌లో దాని పేరు తగిలింది. అసలు ప్రతి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానిది. ఫోన్ చేసి చెప్తే సంతోషంతో ఆయన గొంతు మారిపోయింది. “అయితే ప్రింటు తీసుకురారా” అన్నారు.

“ప్రింటు కుదరదు పెదనాన్నా. మొత్తం చూపించరు, ఒక మాట వెతికితే ఆ మాట చుట్టూ ఉన్న రెండు మూడు లైన్లు చూపిస్తారు.”

“ఎందుకట?”

“నీ కాపీరైట్ కాపాడ్డానికి.”

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వారు. “ఎవరి దగ్గర్నుంచి కాపాడుతున్నార్రా, నా దగ్గర్నుంచా?”

హక్కుదారుడినని ఫారం నింపి పంపితే తెరిచే ఏర్పాట్లు ఉన్నాయని, అమెరికా గ్రంథాలయాలు కలిసి నడిపే హాతీట్రస్ట్‌లో అలాంటిది ఒకటుందని చెప్పాను. ఎనభై దాటిన మనిషి, ఇంగ్లిష్ ఫారం. “నా కథలు నేనే రాశానని నేనే రుజువు చేసుకోవాలా” అని ఊరుకున్నారు. తీసుకునేటప్పుడు ఒక్క కాగితం కూడా అక్కర్లేకపోయింది. తిరిగి చూసుకోవాలంటే మాత్రం రుజువులు కావాలి.

ఆ రెండు మూడు లైన్ల పద్ధతికి కోర్టు తీర్పుల్లో పెద్ద చరిత్రే ఉంది. పేజీని ఎనిమిది ముక్కలు చేస్తారు. ఒక మాట వెతికితే ఆ పుస్తకంలోంచి మూడు ముక్కలకి మించి చూపించరు. ప్రతి పేజీలోనూ ఒక ముక్క, ప్రతి పది పేజీల్లో ఒక పేజీ ఎప్పటికీ కనిపించకుండా మూసి ఉంచుతారు. నిఘంటువులు, వంట పుస్తకాలు, చిట్టి కవితల పుస్తకాలకైతే అసలు ముక్కలే చూపించరు, ఎందుకంటే అక్కడ ముక్క చూస్తే పని అయిపోతుంది. వాదులు మనుషుల్ని పెట్టి వారాల తరబడి వెతికించినా ఒక పుస్తకంలో 16 శాతానికి మించి బయటికి రాలేదట. ఈ జాగ్రత్తలన్నీ చూసి 2015 అక్టోబరులో అమెరికా అప్పీలు కోర్టు, జడ్జి పియర్ లెవాల్ రాసిన తీర్పుతో, ఇది న్యాయమైన వినియోగమే, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకమే అని తేల్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అంతటితో పదేళ్ల దావా ముగిసింది.

ఆ తీర్పుతో నాకు పెద్ద పేచీ లేదు. ఏ మాట ఏ పుస్తకంలో ఉందో కనిపెట్టగలగడం నిజంగా ఉపకారమే, పుస్తకం అమ్మకాలకి అది ఎసరు పెట్టదన్నదీ సబబే. కానీ ఆ వాదన ఇంగ్లిష్ పుస్తకాన్ని కళ్లముందు పెట్టుకుని కట్టింది. తెలుగు పుస్తకానికి అది ఎంతవరకు అతుకుతుంది? అప్పట్లో తెలుగు ఓసీఆర్, అంటే స్కాన్ చేసిన బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్, పరిస్థితి ఘోరం. ఒత్తులు, గుణింతాలు కలిసిపోయి అక్షరం కాస్తా గజిబిజిగా తయారయ్యేది. వెతికితే దొరకాల్సిన మాట దొరకదు, దొరికిన చోట అది ఉండదు. వెతుక్కోడానికే స్కాన్ చేశాం అన్నప్పుడు ఆ వెతకడమే పనిచేయని భాషలో రచయితకి దక్కిన ఉపకారం ఏమిటి? కాపీ మాత్రం కంపెనీ దగ్గర భద్రంగా ఉంది. ఏళ్లు గడిచి, యంత్రానికి తెలుగు చదవడం వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

తీర్పు కన్నా నాకు ఎక్కువ చెప్పేది మధ్యలో జరిగిన తతంగం. 2008 నాటి రాజీ మీద అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఫ్రాన్స్, జర్మనీ ప్రభుత్వాలు వద్దన్నాయి. భారతీయ ప్రచురణకర్తల సమాఖ్య కూడా ఆ కోర్టులో అభ్యంతరం చెప్పింది. ప్రసిద్ధ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 2009 డిసెంబరులో ఆథర్స్ గిల్డ్ సభ్యత్వం వదిలేసి, వందలమంది రచయితల సంతకాలతో కోర్టుకి విన్నపం పంపారు. అంతకుముందే వచ్చిన అభ్యంతరాల ఒత్తిడికి 2009 నవంబరులోనే రాజీని సవరించారు. కొత్త పాఠం ప్రకారం అమెరికా కాపీరైట్ ఆఫీసులో నమోదైన పుస్తకాలు, లేదా బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో అచ్చయిన పుస్తకాలు మాత్రమే రాజీ కిందకి వస్తాయి. తెనాలి రచయిత ఒక్క దెబ్బతో బయటికి వచ్చేశాడు. మాకు చెప్పకుండా మమ్మల్ని కలిపేశారేం అని అడిగినందుకు దక్కిన జవాబు ఇది. 60 డాలర్ల లెక్కలోంచి పేరు కొట్టేశారు. అప్పటికే చేసిన స్కాన్ జోలికి మాత్రం వెళ్లలేదు.

2011 మార్చి 22న జడ్జి డెనీ చిన్ ఆ సవరించిన రాజీని కూడా కొట్టేశారు. అనుమతి లేకుండా గంపగుత్తగా కాపీ చేసినవాడికి పోటీదారుల మీద పైచేయి బహుమతిగా ఇచ్చినట్టవుతుందన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. హక్కులు కాపాడుకోడానికి రచయితే ముందుకు రావాలనడం కాపీరైట్ చట్టం ఉద్దేశానికే పొసగదని కూడా అన్నారు. మూడేళ్లు తిరక్కుండా, 2013 నవంబరులో, ఇదే జడ్జి ముక్కలు చూపించడం వరకు న్యాయమైన వినియోగమే అని గూగుల్ వైపు తీర్పిచ్చారు. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదనే నా ఉద్దేశం. వెతకనివ్వడం ఒకటి, అమ్ముకునే హక్కు మౌనంగా చేతులు మారడం ఇంకొకటి.

ఆ రాజీ నిలిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారు. వాళ్ల మాటలో పస ఉంది. అచ్చులో లేని లక్షల పుస్తకాలు, హక్కుదారులెవరో తెలియని అనాథ పుస్తకాలు జనానికి తెరుచుకునేవి. మా పెదనాన్న కథలు కూడా, ఆ మొదటి పాఠం నిలిచి ఉంటే, అమెరికాలో ఎవరో చదివేవాళ్లేమో. అయితే ఆ అనాథ పుస్తకాలన్నిటినీ అమ్మే లైసెన్సు లోకంలో ఒక్క కంపెనీకే దక్కేది. ధర ఎంత, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆ కంపెనీ చల్లని చూపు మీద ఆధారపడేది.

ఆ చూపు ఎంతకాలం చల్లగా ఉంటుందో కాస్త చరిత్ర చూస్తే చాలు. మైక్రోసాఫ్ట్ కూడా పుస్తకాల స్కానింగ్ మొదలుపెట్టి, ఏడున్నర లక్షల పుస్తకాలయ్యాక 2008లో మానేసింది. అదే కంపెనీ 2019లో తన ఈబుక్ దుకాణం కట్టేస్తే కొన్నవాళ్ల పుస్తకాలన్నీ మాయమయ్యాయి. డబ్బు వాపసిచ్చారు, నిజమే. 2009 జూలైలో అమెజాన్ అయితే కిండిల్ పరికరాల్లోకి దూరి, అమ్మిన పుస్తకాన్ని చెప్పాపెట్టకుండా తుడిచేసింది. అమ్మినవాడికి హక్కుల్లేవని తర్వాత తెలిసిందట. తుడిచేసిన పుస్తకం జార్జి ఆర్వెల్ ‘1984’ కావడం మీద లోకమంతా నవ్వుకుంది.

కంపెనీల సంగతి సరే, మన సంగతేమిటి అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. మన ప్రభుత్వ పథకమే ఒకటుంది, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి ‘పది లక్షల పుస్తకాల’ ఆలోచనలోంచి వచ్చింది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద చేయి. తెలుగు పుస్తకాలు వేలకు వేలు స్కాన్ చేశారు. అందులో కాపీరైట్ ఉన్నవీ కలిసిపోయాయి, అక్కడా రచయితలను అడిగింది లేదు. పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో నోటికొచ్చిన స్పెల్లింగుతో ఎక్కించారు. కొన్నిట్లో పేజీలు లేవు, కొన్నిట్లో తలకిందులు. కొన్నేళ్లకి ఆ సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరో పుణ్యాత్ములు దాచిన కాపీలు లేకపోతే ప్రజల సొమ్ముతో చేసిన ఆ పనంతా గంగలో కలిసేది. ప్రభుత్వం చేస్తే చాలు అంతా బాగుంటుందని నేను అనలేను.

ఇక టెలిగ్రామ్ గ్రూపులు. నెల కిందట విడుదలైన నవల పీడీఎఫ్ పంచుకుని, కింద ‘సాహితీ సేవ’ అని రాసుకునే మనుషులు మనలోనే ఉన్నారు. ఐదు వందల కాపీలు అమ్ముడుపోతే గొప్ప అనుకునే భాషలో ఆ సేవ రచయిత కడుపు మీద కొట్టడమే. గూగుల్‌ని తిట్టే ముందు ఈ గ్రూపుల్లోంచి బయటికి రావాలి, ఒప్పుకుంటాను. అయినా గ్రూపు నడిపేవాడు వచ్చే పాతికేళ్ల వ్యాపారం దాని మీద కట్టుకోడు, కోర్టులో లాయర్ల దండుని నిలబెట్టి ఇదంతా న్యాయమేనని వాదించడు.

2004లో వెతకడానికి అన్నారు. ఇప్పుడు కృత్రిమ మేధకి చదువు చెప్పడానికి అంటున్నారు. 2025 జూన్‌లో కాలిఫోర్నియా జడ్జి విలియం ఆల్సప్ కృత్రిమ మేధ కంపెనీ ఆంత్రోపిక్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు చదివితే పాత కథ మళ్లీ చదువుతున్నట్టే ఉంటుంది. ఆ కంపెనీ లక్షల పుస్తకాలు కొని, బైండింగు కోసి, స్కాన్ చేసి, కాగితాలు పారేసింది. దానితో యంత్రానికి శిక్షణ ఇవ్వడం న్యాయమైన వినియోగమే అన్నారు జడ్జి. దొంగ సైట్ల నుంచి 70 లక్షలకి పైగా కాపీలు దించుకుని దాచుకోవడం మాత్రం కాదన్నారు. ఆ రెండోదానికి సెప్టెంబరులో 150 కోట్ల డాలర్ల రాజీ. దాదాపు ఐదు లక్షల పుస్తకాలకి ఒక్కోదానికి సుమారు 3,000 డాలర్లు. అర్హత ఏమిటని చూస్తే, మళ్లీ అదే అమెరికా కాపీరైట్ ఆఫీసులో నమోదు. మన చట్టంలో కాపీరైట్‌కి నమోదు అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. మన తెలుగు రచయితల్లో అమెరికా వెళ్లి నమోదు చేసుకున్నవాళ్లు ఎవరుంటారు? 60 డాలర్లు 3,000 అయినా మన పుస్తకం లెక్కలోకి రాకుండా పోయిన కారణం పదిహేనేళ్లలో ఏమీ మారలేదు.

మన దగ్గర కూడా కదలిక వచ్చింది. ఢిల్లీ హైకోర్టులో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఏఎన్‌ఐ వార్తాసంస్థ 2024లో వేసిన దావాలో ప్రచురణకర్తల సమాఖ్య కూడా మా మాటా వినండి అని వెళ్లింది. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒక పత్రం విడుదల చేసింది. అందులో ప్రతిపాదన ఏమిటంటే, కంపెనీలు చట్టబద్ధంగా తమకి అందిన ఏ రచననైనా శిక్షణకి వాడుకోవచ్చు, బదులుగా రాయల్టీ కట్టాలి, ఒక కేంద్ర సంస్థ దాన్ని వసూలు చేసి పంచాలి. వద్దనే హక్కు రచయితకి ఉండదు. డబ్బొస్తుంది కదా అని సంబరపడే ముందు ఒక చిన్న ప్రశ్న. పంచే సంస్థ దగ్గర తెలుగు రచయితల జాబితా ఎక్కడుంది? ఎవరు బతికున్నారో, పోయినవాళ్ల వారసులు ఎక్కడున్నారో ఎవరు రాసి పెట్టారు? జాబితా లేకుండా పంపకం మొదలైతే అది హిందీ, ఇంగ్లిష్ ప్రచురణ సంస్థల గుమ్మం దాటి ఇటు రాదని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

ఆ జాబితాకి ఆధారం మాత్రం మన చేతుల్లోనే ఉంది. 1954లోనే, పీఎల్ 480 వచ్చిన ఏడే, మన పార్లమెంటు ఒక చట్టం చేసింది. అచ్చయిన ప్రతి పుస్తకం కాపీని కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, ఇంకొన్ని నిర్ణీత గ్రంథాలయాలకి ప్రచురణకర్త పంపాలి. సొంతంగా వేసుకునే మనవాళ్లలో ఎందరో పంపరు, అడిగే నాథుడూ లేడు. రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలు ఈ పని మీద పడి, పుస్తకం చేరగానే రచయిత పేరు, ఫోను, హక్కులు ఎవరివన్నది ఒక పట్టికలో ఎక్కిస్తే కోట్ల ఖర్చేం కాదు. స్కాన్ కూడా అక్కడే చేయొచ్చు, రచయితని అడిగి. ఒప్పుకుంటే తెరుస్తారు, లేదంటే మూసి దాస్తారు. పాతవాటికి వారసుల్ని వెతకాలి, అది మాత్రం నిజంగా చాకిరీ.

ఈలోపు రచయితలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, ఎక్కువమందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి రాసిస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. 1995 మే తర్వాత రాసుకున్న ఒప్పందాల్లో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకోవాలి, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ‘వాళ్లకిచ్చేశానండీ, ఇప్పుడు నా చేతిలో ఏముంది’ అనే రచయితల్లో చాలామంది ఏమీ ఇవ్వలేదు, ఇచ్చినా గడువు ఎప్పుడో తీరిపోయింది. పాత ఒప్పందం ఉంటే తీసి చూడండి. కొత్తది రాసుకుంటుంటే ఈబుక్, ఆడియో, యంత్ర శిక్షణ మూడింటినీ విడివిడిగా రాయించండి, ‘అన్ని రకాల హక్కులు’ అన్న ఒక్క లైను కింద సంతకం పెట్టకండి. మా పెదనాన్న పుస్తకానికి అసలు ఒప్పందమే లేదు, ప్రెస్సు బిల్లు ఒకటుంది. అంటే హక్కులన్నీ ఆయనవే. ఆ ఇంగ్లిష్ ఫారం నింపడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను. సంతకం చేస్తారో లేదో ఆయన ఇష్టం.